చచ్చిపోయిందన్న నేలను బతికించిన గురునాథరావు గారు

1989 జూన్ పన్నెండవ తేదీన మద్దిలపాలెంలోని మా మృత్తికా పరీక్షా కేంద్రంలో అటెండరుగా చేరిన శ్రీ గురునాథరావు గారు, ముప్పై ఏడేళ్ల నిష్కళంక సేవ అనంతరం, ప్రయోగశాల సహాయకులుగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారితో పద్దెనిమిదేళ్లు కలసి పనిచేసిన శాస్త్రవేత్తగా ఈ అభినందన రాస్తూ, నా పొరపాటు ఒకటి కూడా చెప్పుకోవాలి.

రైతు కుటుంబంలో జన్మించిన వారు తొలి సంవత్సరాలు మట్టి సంచులు మోస్తూ గడిపినా, తుడిచే నెపంతో సూక్ష్మదర్శినిలోకి తొంగిచూస్తూ, నాటి అధికారి కృష్ణంరాజు గారి వద్ద బాక్టీరియాను పెంచే విద్యను అభ్యసించి, 2008లో పదోన్నతి పొందారు.

2018 వర్షాలకు పరవాడ వైపు ఒక పల్లెలో గెడ్డ అనే వాగు పొంగి, రసాయన వ్యర్థాలు కలిసిన నీరు అసిరమ్మ అనే రైతు ఎనభై సెంట్ల మడిని ముంచెత్తింది. పరీక్ష కోసం ఆ మట్టిలో మేము వదిలిన వానపాములు మూడు రోజుల్లో చచ్చిపోయాయి. ఆ భూమి ఇక సాగుకు పనికిరాదని నివేదిక తయారుచేసి నేను సంతకం పెట్టబోతుండగా, గురునాథరావు గారు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డారు. వానపాములను వారు ఎర్రలంటారు.

“మేడమ్ గారూ, ఆ కాయితం ఒకపాలి ఆపండి. పెంటకుప్ప కాడ గట్టు కింద ఎర్రలు బతికే ఉన్నాయి. ఆటిని బతికిస్తన్నదేటో సూద్దాం.”

ఆ గట్టు మట్టిలోనే, ఆ రసాయనాలను తిని విరిచేసే బాక్టీరియా దొరికింది. దానిని బెల్లం నీటిలో, పేడనీటిలో వృద్ధి చేసి, వారం వారం బస్సెక్కి వెళ్లి మడంతా చల్లారు. నెలకొకసారి ఒక తొట్టెలో సగం మంచి మట్టి, సగం అసిరమ్మ మట్టి పోసి నడుమ ఇరవై ఎర్రలను వదిలేవారు. ప్రతిసారీ అన్నీ మంచి మట్టిలోకే పోయేవి.

“ఏటి బాబూ, ఆటికి కూడా నా బూమి అక్కర్నేదా?” అని ఆమె ఒకనాడు కళ్లొత్తుకుంది.

“అలిగినాయమ్మా. అలక తీరితే అయ్యే వత్తాయి” అన్నారు వారు.

మరుసటి ఏడాది ఒక ఉదయం తొట్టె విప్పితే, ఆమె మట్టిలో తొమ్మిది ఎర్రలున్నాయి. గురునాథరావు గారు రెండుసార్లు లెక్కపెట్టి, నన్ను చేత్తో పిలిచారు. ప్రయోగశాల ఫలితాలూ అదే చెప్పాయి. ఆ తరువాతే వానపాములను మడిలో వదిలాము. అయినా తొలి పంటను పరీక్షించనిదే ఒక్క గింజ కూడా నోట పెట్టనివ్వలేదు. గింజలు స్వచ్ఛమని తేలాక, అసిరమ్మ ఆ బియ్యంతోనే అన్నం వండి మా అందరికీ వడ్డించింది. సంతకం పెట్టని ఆ నివేదికను నేనే చింపేశాను. నేడు ఆ ఊరి రైతులు నలభై ఎకరాలను ఇదే పద్ధతిలో బాగుచేసుకుంటున్నారు.

ఇన్నేళ్లు వంగి మట్టి తవ్విన ఆ నడుముకు నొప్పి తెలియని విశ్రాంతి, సతీమణి శ్రీమతి తాయారు గారి సాహచర్యంలో నిండైన ఆరోగ్యం, మనుమల పిల్లలను కూడా పొలం గట్ల మీద నడిపించేటంతటి దీర్ఘాయుష్షు వారికి కలగాలని మా కేంద్రం తరఫున మనసారా కోరుకుంటున్నాను.

— డాక్టర్ సూర్యకళ