ఎలుకల పక్కలో దేవదారు పొట్టు

ఏంటమ్మడూ, మళ్ళీ అను? సైటోక్రోమా? నీ పరీక్షలో అదొస్తుందా! ఇరవయ్యేళ్ళు ఆ మాట వింటూ ఎలుకల గది ఊడ్చినవాణ్ణి, నన్నడుగు. మా డాక్టరమ్మ ఉండేది, పోయి పదిహేనేళ్ళవుతోంది... మందులిచ్చే డాక్టరు కాదులే, పరిశోధన. పొద్దస్తమానం ఎలుకల కార్జాలు రుబ్బుతుండేదని అందరూ చాటున కార్జాలమ్మ అనేవాళ్ళు. నేనూ అన్నాను, అబద్ధమెందుకు. ఆవిడ చెప్పేది, "చూడవయ్యా, కార్జంలో సైటోక్రోములని పనివాళ్ళుంటారు. లోపలికొచ్చిన మందుని ముక్కలు చేసి బయటికి గెంటుతారు. వాళ్ళే లేకపోతే నువ్వు మింగిన తలనొప్పి మాత్ర నీతోనే కాపురం పెడుతుంది." ఇంటికొచ్చి మీ నాయనమ్మకి చెబితే, "ఆవిడకీ పనిలేదు, నీకూ పనిలేదు" అంది. సరే, ఎక్కడున్నాం?

ఆఁ, ఎలుకలు. నిద్రమందిస్తే గంటన్నర పడుకునేవి, గడియారం పెట్టినట్టు. అది ల్యాబులన్నిటికీ పైనున్న పెద్దసారుకి చూపిస్తేనే ల్యాబు నిలుస్తుంది, లేకపోతే గది ఇంకొకరికి. ఆయన రావడానికి మూడు వారాలుందనగా, అరగంటకే లేచి మీసాలు దువ్వుకోవడం మొదలెట్టాయి! డాక్టరమ్మ మందు మార్చింది, తూకం మార్చింది, ఆఖరికి గడియారమూ మార్చింది. మందుల కొట్టువాణ్ణి ఫోన్లో దులిపేసింది. అన్నం మానేసింది పాపం. నాకు మనసాగలేదు. ఎలుకలకి పక్క మెత్తగా లేదేమోనని ఇంకో రెండు గుప్పిళ్ళు పొట్టు వేశాను.

ఏం పొట్టా? అది చెప్పలేదు కదూ. అంతకుముందు పంజరాల్లో కాగితం ముక్కలు వేసేవాళ్ళం. కంపు తల్లీ, కంపు! మా బావమరిది వడ్రంగి. "బావా, దేవదారు పొట్టు పట్టుకుపో, గదంతా గుమగుమలాడుతుంది" అన్నాడు. బస్తా మోసుకొచ్చాను. ఎవర్నీ అడగలేదు.

చివరికి ఆవిడ పంజరంలో మొహం పెట్టి వాసన చూసింది. "ఇది వెయ్యబట్టి ఎన్నాళ్ళయింది?" "నెల దాటిందండీ." స్టూలు మీద కూలబడి నవ్వింది, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా. ఆ వాసన తగిలితే కార్జంలో పనివాళ్ళు ఇంకా పోగవుతారట! నేను పొట్టు వేసినకొద్దీ వాళ్ళు మందుని అంత తొందరగా తరిమేస్తున్నారు. జోల పాడుతున్నాననుకుని డప్పు కొట్టానన్నమాట.

మళ్ళీ కాగితాలే వేశాం. కానీ కార్జం కుదుటపడ్డానికి రోజులు పడుతుందట, పెద్దసారు మర్నాడే దిగాడు. ఎలుకలు ఆయన ఎదుటే లేచి కూర్చున్నాయి. "ఎవరు చేశారీ పని?" ఆ గొంతు, ఖాళీ డ్రమ్ములో రాళ్ళు దొర్లించినట్టుండేది. నేను తలుపు పక్కనే, చీపురు పట్టుకుని. నోరు తెరిచాను కూడా. "పొట్టు నేనే వెయ్యమన్నాను సార్" అందావిడ, నావైపు చూడకుండా. "ఇంత అజాగ్రత్త మనిషికి ల్యాబెందుకు?" అన్నాడాయన. వారం తిరక్కుండా గది ఇంకొకరిదైంది. ఆవిడ పాఠాలు చెప్పుకోడానికి కింది అంతస్తుకి వెళ్ళిపోయింది. నేను మాత్రం రిటైరయ్యేదాకా ఆ గదే ఊడ్చాను.

అప్పుడు నేనేమన్నానా?

... ఆ కిటికీ వెయ్యమ్మా, గాలి కొడుతోంది.