బెంచీ మీది ఫార్వర్డ్

చోడవరం శివారున ఒక పెరట్లో తల్లి గేదెకి కుడితి కలుపుతోంది. కూతురు నిన్నటి నుంచీ ఫుట్‌బాల్ బూట్ల కోసం ఇల్లంతా వెతుకుతూనే ఉంది. అవి ఎక్కడున్నాయో తల్లికి తెలుసు.

"క్లబ్బు సెక్రటరీ గారికి సారీ సెప్పేయే. ఒక్క మాటతో అయిపోద్ది."

"ఏటి తప్పు సేసేనని? గోల్స్ కొట్టేదాన్ని బెంచీ మీద కూకోబెట్టేడు. ఇంకో క్లబ్బుకి పోతానంటే వదిలేసినట్టు కాయితం ఇవ్వనంటన్నాడు."

"సంతకం పెట్టేవు కదా, ఆళ్ల మాట ఇనాల."

"అమ్మమ్మ పుట్టిన కాలంలో ఇంగ్లండ్‌లో ఒక ఫార్వర్డ్‌కీ ఇలాగే సేసేరమ్మా. గోల్స్ కొట్టినన్నాళ్లూ క్లబ్బోళ్లు భుజాల మీద మోసేరు. ఎల్లిపోతానన్నాడని జీతం ఆపేసేరు, కాయితమూ ఇవ్వలేదు."

"సారీ సెప్పేడా?"

"సెప్పలేదు. ఆళ్ల మాట సెల్లని సిన్న ఊరి టీమ్‌లో సేరిపోయేడు. వారమంతా బొగ్గు గనిలో పని, శనివారం ఆట."

"గోల్ కొట్టేడా మరి?"

"మొదటి మేచ్‌లోనే కొట్టేడు."

తల్లి చెయ్యి కుడితిలోనే ఆగిపోయింది.

"నువ్వెక్కడ ఆడతావు?"

"చీడికాడలో ఆడపిల్లల టీముంది, ఆ గుంటలు పిలిచేరు. ఆదివారం మేచ్. అక్కడ క్లబ్బు కాయితం ఎవులూ అడగరు. బూట్లు లేకపోతే ఉత్తి కాళ్లతోనే ఆడతాను."

"తవుడు బస్తా ఎనకాల సూడు."

కూతురు బూట్లు పైకి తీసి, తల్లి వైపు చూసింది.

"నువ్వా దాచేవు?"

"నేనే. దులుపుకో, తవుడు పట్టేసుంటాది."

"సెక్రటరీ గారు ఫోన్ సేస్తే?"

"ఫోన్ నాకిచ్చెల్లు. గుంట ఆటలో ఉంది, ఖాళీ లేదని సెప్తాను."