ఇస్తారిని బస్సెక్కించిన ఈదమ్మ

ఏం పూజితా, దవాఖానల కొత్తగ చేరినవంట? మనసు బాగలేనోళ్లతోని మాట్లాడే కొలువంట గదా. కూసో బిడ్డా, నీకు ఈదమ్మ ముచ్చట చెప్పాలె. నువ్వు గప్పుడు తొట్లెల ఉన్నవ్. ఎయిర్‌పోర్టు వస్తదంట, రింగు రోడ్డు పడ్తదంట అని ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊర్లన్ని పూనకమొచ్చినట్టు ఊగుతున్న రోజులు. ఈదమ్మ మొగడు ఇస్తారి. వాళ్లు దున్నుకునే చెల్క ప్లాట్లకు పోయింది. అన్నదమ్ములతోని ఈయన గూడ సంతకం పెట్టిండు. పెట్టినంక మాట బందయింది. పొద్దు పొడవంగ మంచుల హద్దురాళ్ల నడుమ నడుస్తుండె. నాగలి లేదు, ఎడ్లు లేవు, చేతుల ముల్లుగర్ర ఒక్కటె. 'హో... హో... మల్లు మల్లు' అనుకుంట చాలు వెంబడి చాలు. నేను బస్సు డ్యూటీకి పోతుంటె మంచుల నడుము పైకే కనిపిస్తుండె, నీళ్ల మీద తేలిపోతున్నట్టు. ఒక్కోపారి నాకు గూడ ఎడ్ల మెడల గంటలు ఇనబడ్డట్టయ్యేది. నవ్వకు, నిజంగ.

ఊరోళ్లు గాలి సోకిందన్నరు. వాళ్లన్న ఎక్కడికెల్లో ఒక మంత్రగాన్ని తెచ్చె. వాడు ఇస్తారిని గుంజకు కట్టేసి యాప మండలతోని కొడ్తుంటె ఈదమ్మ ఉరికొచ్చి కట్లు విప్పింది. 'ఇంకొక్క దెబ్బ పడ్తె మీరో నేనో' అన్నది. తెల్లారి మొగని చెయ్యి పట్టుకొని నా బస్సెక్కింది, పట్నం పెద్ద దవాఖానకు. చెప్తె సిగ్గయితది... నేను కండక్టర్ను గదా, ఇస్తారి సీట్లకెల్లి లేచి హో హో అని అదిలిస్తుంటె జనం ఒకటే లొల్లి, 'పిచ్చోన్ని ఎట్ల ఎక్కించినవ్, పిల్లలు భయపడ్తున్నరు' అని. మన్నెగూడ కాడ విజిల్ కొట్టి దింపేసిన. ఆమె తిట్టలే. 'నీకు గూడ భయమైతున్నదా సాయన్నా?' అన్నది. గంతే. మల్లొక బస్సెక్కి పోయిన్రంట.

మల్ల నెల వచ్చిన్రు. గప్పుడు నేనే సీటు ఖాళీ చేయించిన. ఐదారు నెలలయినంక ఒకనాడు టికెట్ అడుగుతె ఇస్తారి అన్నడు, 'నాకు, మా ఇంటామెకు, రెండియ్యి.' ఏడాదికి వాని నోట్లెకెల్లి మాట బిడ్డా! నాకు విజిల్ ఊదనీకె రాలే.

ఇగ ఈదమ్మ ఊర్కుంటదా? పక్కింటి నర్మద కాన్పయినంక పసిదాన్ని ముట్టదు, గోడ దిక్కె చూస్తది. అత్తేమో 'ఒళ్లు కొవ్వు' అంటది. ఈదమ్మ రోగమనలే, మందనలే. పక్కపొంటి కూసొని 'నిద్ర పడ్తున్నదా బిడ్డా?' అన్నది. ఆ ఒక్క మాటకె పోరి బోరుమన్నది. ఆమెను గూడ బస్సెక్కించింది. గట్ల ఇద్దరు, నలుగురు, పదకొండు మందయిన్రు. ఆఖరికి పట్నం దవాఖాన డాక్టరు విద్యాసాగర్ సారునే అడిగిందంట, 'ఇంతమందిమి పనులిడిసి వస్తున్నం, నువ్వొక్కనివి మా దిక్కు రారాదు సారూ?' సారు నవ్విండంట. నవ్వినాయన నెలకొక్క శనివారం రాబట్టె.

మొదటి శనివారం ఒక్కలు లోపల్కి పోలే. పంచాయతి ఆఫీసు ఎనక అర్రల సారు కూసుంటె, అందరు దూరంకెల్లి చూసుడే. ఇస్తారి పోయిండు. తలుపు తెరిచే ఉంచి, ఊరంత ఇనేటట్టు, 'నేను లేని ఎడ్లను తోలిన సారూ. ఇప్పుడు తోల్తలేను, గని యాదికొస్తయ్' అన్నడు. ఎనక నర్మద పోయింది. మూడో మనిషిని నేను. అవ్, నేనే. గా ఏడాదే రిటైరయిన, ఊకూకె కండ్లల్ల నీళ్లొస్తుండె, ఇంట్ల గూడ చెప్పలే.

నాలుగేండ్లకు ఈదమ్మ పోయింది. జరమొచ్చి మూడు దినాలే. ఆమె దినకర్మ కాకముందే సారొచ్చే శనివారం వచ్చె. ఇస్తారి మల్ల హో హో అనుకుంట పోతడేమోనని నా ఫికర్. ఇంటికి పోతె తాళం ఉన్నది. అర్ర కాడికి పోయిన. ఊడ్చి ఉన్నది, నీళ్లు చల్లి ఉన్నది. తుక్కుగూడకెల్లి ఒక ముసలామె మొదటిపారి వచ్చి, గడప దాటనీకె భయపడి గోడకు అతుక్కొని నిలబడ్డది. ఇస్తారి ఆమె చెయ్యి పట్టుకున్నడు. వాని చెంపల మీద నీళ్లు కారుతనే ఉన్నయ్. 'పా అవ్వా, నేనొస్త నీతోని' అంటున్నడు...

...మబ్బు పట్టింది చూడు. లోపల మీ కమలమ్మవ్వకు చెప్పు బిడ్డా, దండెం మీది బట్టలు తియ్యమని.