సెనోన్ మేస్త్రి తెడ్డు

పిల్లలూ, చెరుకురసం మరిగి మరిగి పాకమయ్యాక, దాన్ని పెనంలోంచి దించాల్సిన అదను ఎంతసేపు ఉంటుందో చెప్పండి చూద్దాం? గంటా? కాదు. మిలేనా, నువ్వు తుమ్మి ముక్కు తుడుచుకునేలోపు అది వచ్చి వెళ్ళిపోతుంది. ముందే దించితే బెల్లం గడ్డకట్టదు, జావలా జారుతుంది. ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది, గాడిదలు కూడా మూతి తిప్పుకుంటాయి. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది వినండి.

మన సువారెస్ లోయలోనే దెల్ఫీనా అని ఒకావిడ ఉండేది. ఒక ఏడాది వానలకు కొండచరియ విరిగిపడి ఆమె చెరుకుతోట చాలావరకు ఏట్లో కలిసిపోయింది. మిగిలింది ఒక్క పెనానికి సరిపడా చెరుకు. దాన్ని బెల్లం చేసి, ఆ బెల్లం ఇచ్చి విత్తనపు చెరుకు తెచ్చుకుంటేనే మళ్ళీ నాటు. లేదంటే ఆ నేల బీడు పడ్డట్టే.

ఆ ఒక్క పెనమూ ఆ మధ్యాహ్నం గానుగ పాకలో కుతకుతమంటోంది. పాకం చూడాల్సిన సెనోన్ మేస్త్రి మాత్రం పెనం దగ్గర లేడు. ఎదురుగా పంచలో బల్ల మీద, పాకకు వీపు పెట్టి కూర్చుని, సొరబుర్రలో పులిసిన చెరుకురసం తాగుతూ, కొయ్యతెడ్డు ఒళ్ళో పెట్టుకుని కబుర్లలో ఉన్నాడు. వినేవాళ్ళు ఇద్దరు. గానుగకు చెరుకు అందించే బెలార్మీనో, కంచరగాడిదలు తోలే ఎలాదియో.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. మేస్త్రి చెప్పకుండా పెనంలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. పెట్టారో, మేస్త్రి తన తెడ్డును తలకిందులుగా నేలలో గుచ్చి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఆ ఇంటి చెరుకును లోయలో ఏ మేస్త్రీ ముట్టడు.

"మేస్త్రిగారూ, ఒక్కసారి వచ్చి చూడండి. బుడగలు బరువుగా పేలుతున్నాయి," అంది దెల్ఫీనా.

"నాకు చెబుతున్నావా తల్లీ? ఒళ్ళు ఇక్కడుంది గానీ చెవి అక్కడే ఉంది. ఇంకా లేతపాకమే. అలా కూర్చో. పని మీద ధ్యాస అంటే ఏమిటో వీళ్ళకి చెబుతున్నా, నువ్వూ విను."

దెల్ఫీనా కూర్చోలేదు. పంచ గుంజ పట్టుకుని నిలబడింది.

"నా కుర్రతనంలో," అన్నాడు సెనోన్, "పాలు పితికే వేళ పెనం ముందు నిలబడితే దీపాలు పెట్టేదాకా కూర్చునేవాణ్ణి కాదు, అది పెద్ద గొప్పేం కాదులే, ఎవడైనా నిలబడతాడు, కానీ చూపు! ఒకరోజు పెనం నిండా బుడగలు, అందులో ఒక్కటంటే ఒక్కటి కాస్త వంకరగా కనబడింది, అందరూ వద్దన్నా వినకుండా దాన్ని పగలకుండా తెడ్డు మీదికి తీసి చూద్దును కదా, లోపల ఏముందో తెలుసా?"

"ఏముంది?"

"తేనెటీగ కాలు! ఎడమకాలు!"

"కుడిది ఎక్కడికి పోయిందో?" అన్నాడు ఎలాదియో.

"అది ఈగతోనే పోయింది, నేనే దగ్గరుండి పంపించా. మధ్యలో మాట్లాడకు."

పాకలోంచి వచ్చే చప్పుడు మారింది. ఇందాకటి కుతకుత లేదు. ఇప్పుడు బుడుక్, బుడుక్ అని ఆగి ఆగి వస్తోంది. దెల్ఫీనా ఒక అడుగు ముందుకు వేసింది.

"మేస్త్రిగారూ..."

"విను తల్లీ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? లోయ అవతల మా బావమరిది పెళ్ళి. పందిట్లో నేను తినబోతుంటే, ఇవతల పెనంలో పాకం తిరగబడుతున్న చప్పుడు వినబడింది!"

దెల్ఫీనా వంగి ఆయన సొరబుర్ర అందుకుంది. "ఖాళీ అయింది, నింపుకొస్తా," అంది. ఆయన తల కూడా తిప్పలేదు.

పాకలోకి వెళ్ళగానే బుర్ర పక్కన పడేసింది. ముందు పొయ్యిలోంచి మండుతున్న చెరుకు పిప్పిని పారతో బయటికి లాగింది. చన్నీళ్ళలో ఒక్క చుక్క పాకం వేసింది. వేళ్ళతో పట్టుకుని వంచితే టక్కుమని విరిగింది. ఇదే అదను. ఇంకొక్క క్షణం ఆగినా మాడుతుంది. తెట్టు తీసే పొడుగు కాడ గరిట చేతిలోకి తీసుకుని పంచ వైపు చూసింది. బెలార్మీనో ఆమెనే చూస్తున్నాడు.

వాడు నోరు తెరిచాడు.

"పెళ్ళి నుంచి ఎలా వచ్చారు మరి?" అన్నాడు బెలార్మీనో, మేస్త్రి వైపు తిరిగి. "ఏటికి అప్పట్లో వంతెన లేదుగా?"

దెల్ఫీనా గరిట ముంచింది.

"అదీ అడగాల్సిన మాట! వంతెన లేదు. పెళ్ళివారి పెనంలో తీగపాకం ఉంటే, దాని కొసను నా తెడ్డుకి చుట్టి ఇవతలికి విసిరా. అది వచ్చి ఇదిగో, ఈ గుంజకే అతుక్కుంది. ఆ తీగ మీద నడిచి వచ్చేశా!"

"నా కంచరగాడిద అయితే రాదు బాబూ," అన్నాడు ఎలాదియో.

"నాది వచ్చింది! నా వెనకాలే వచ్చింది, బరువుతో సహా! దాని గిట్టలకు పాకం అంటుకుందేమోనని మధ్యలో ఆగి నాలుగూ తుడిచా. పనిలో శుభ్రత ముఖ్యం."

దెల్ఫీనా పాకమంతా కొయ్యతొట్టిలోకి తోడేసింది. తెడ్డు మేస్త్రి ఒళ్ళో ఉంది కాబట్టి, అచ్చుల మీద కప్పే పలక కడిగి దాంతోనే కలియబెట్టింది. చేతులు బొబ్బలెక్కుతున్నా ఆపలేదు. పాకం రంగు తేలేదాకా కలిపి అచ్చుల్లో పోసింది. ఇక గట్టిపడాలి. అంతవరకు ఆయన లేవకూడదు.

"మరి పెనంలో పాకం దక్కిందా?" బెలార్మీనో మళ్ళీ అందించాడు.

"దక్కడమా? పొంగి ఏట్లో పడింది! ఏరంతా పాకమైపోయింది! ఏం చేశానో తెలుసా, ఇదే తెడ్డుతో ఒడ్డున పరిగెడుతూ ఏటిని కలుపుకుంటూ సముద్రందాకా పోయా. చేపలు బెల్లంలో దిగబడి అలాగే నిలబడిపోయాయి, రెండు ఓడలు కదల్లేదు, కెప్టెన్లు దండం పెట్టారు. ఒక్కొక్క చేపనీ తీసి, పొలుసు ఊడకుండా కడిగి, దాని చోట దాన్ని వదిలా! ఇంత జరిగినా పాకం మీంచి కన్ను తీశానా? తీయలా! ఈ క్షణాన కళ్ళు మూసుకుని చెబుతా, అదిగో ఆ పెనంలో పాకం ఇంకా లేత. ఇంకో రెండు కథలు పడుతుంది."

ఆయన ముందుకు అరటాకు ముక్క వచ్చింది. దాని మీద బంగారు రంగు బెల్లం ముక్క.

"రుచి చూసి చెప్పండి మేస్త్రిగారూ," అంది దెల్ఫీనా. చేతులు కొంగు చాటున దాచుకుంది.

సెనోన్ కొరికాడు. నమిలాడు. కళ్ళు మెరిశాయి.

"చూశారా? ఇదీ పాకమంటే! ఈ రంగు, ఈ విరుపు నా చేతికి తప్ప ఇంకెవరికీ రావు. ముమ్మాటికీ నా చేతి బెల్లమే!"

"మీ చేతిదేనంటారా? వీళ్ళ ముందు చెబుతున్నారు."

"ఎవరి ముందైనా చెబుతా! ఎప్పుడు చేశానిది?"

"ఇప్పుడే. మీరు చేపలు కడుగుతుండగా. వేడిగా లేదూ?"

సెనోన్ పాక వైపు చూశాడు. పెనం మీద ఆవిరి లేదు. ఆయన మొహం ఎర్రబడింది. లేచి, తెడ్డును తలకిందులుగా పైకెత్తాడు. ఎలాదియో నవ్వు ఆగిపోయింది.

బెలార్మీనో మెల్లగా అన్నాడు. "ఎందుకు గుచ్చుతారు మేస్త్రిగారూ? ఇంకెవరూ చెయ్యి పెట్టలేదుగా. ఆ చెయ్యి మీదేనని ఇప్పుడే చెప్పారు. తెడ్డు మాత్రం, పాపం, తడవలేదు."

తెడ్డు కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా దిగి బల్ల మీద పడుకుంది. సెనోన్ ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.

దెల్ఫీనా కొండవాలులో ఆ నెలలోనే చెరుకు నాటింది.

ఏమిటే మిలేనా, వంటింటి వైపు అలా చూస్తున్నావు? పొయ్యి మీద పెట్టిన జామగుజ్జు మాడుతుందనా? పిచ్చిపిల్లా, పొయ్యి ఆర్పేసి వచ్చాకే కథ మొదలుపెట్టాను. జరుగు, వెళ్ళి అంటించుకోవాలి.