ఖాళీ గడిని నిలదీసిన ఖలీలుల్లా గారు

1954వ సంవత్సరం జూన్ పద్నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, ఉదయగిరి తాలూకా కచేరీలో గుమాస్తాగా శ్రీ షేక్ ఖలీలుల్లా గారు సంతకం చేసి కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీకి మూడు కాళ్ళే సరిగా ఉన్నాయని, ఆ సంగతి ఆయన వారం దాకా ఎవరికీ చెప్పలేదని, అడిగితే "ఎన్నిసార్లు ఒరుగుతాదో చూస్తా ఉండాను సార్, రోజుకు పదకొండు" అన్నారని ఆనాటి పెద్దలు నవ్వుతూ చెప్పుకునేవారు. అంకెలంటే అంతటి అనురాగం గల ఆ మహనీయులు ముప్పై ఐదు సంవత్సరాల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నారన్న వార్త మన కార్యాలయానికి ఒక కంట సంతోషాన్ని, మరొక కంట దిగులును కలిగించుచున్నది.

1962లో వారు గణాంక సహాయకులుగా పదోన్నతి పొంది, పంట కోత ప్రయోగాల బాధ్యత స్వీకరించారు. చీట్లు తీసి ఎంపిక చేసిన పొలాల్లో కొంత మేర కొలిచి, కోసి, తూచి, ఆ తూకాన్ని గళ్ళ కాగితంలో నింపడం ఆ పని. మొదటి ఏడే మర్రిపాడు వైపు నాలుగు జొన్న చేలు నిలువునా ఎండిపోగా, కోసేందుకేమీ లేదు గదా అని ఆ నాలుగు గడులనూ ఖాళీగా వదిలి, మిగిలిన వాటికి సగటు కట్టి కాగితం పైకి పంపారు. పై ఉద్యోగి చెంచురామయ్య గారు కాగితాన్ని తిరగేసి చూశారు.

"ఏంది ఖలీలూ, కరువు కాలంలో మర్రిపాడు ఇంత పండినాదా?"

"ఎండిన చేలు వదిలేసినాను సార్."

"ఎండింది పంట కాదా? గడి ఖాళీగా ఉంటే ముందు చేలోకి పోయి ఎందుకు ఖాళీగా ఉండాదో అడిగి రా. కూడికలు తరవాత చూసుకుందాం."

ఆ మాటతో మండుటెండలో సైకిలెక్కి మర్రిపాడు పోయి, నాలుగు చేల రైతులనూ పలకరించి, నాలుగు సున్నాలు రాసుకొని వచ్చారు. అంత కష్టపడి నేర్చుకున్న పాఠాన్ని ఎవరైనా మరచిపోతారా అంటే, పాపం, మరచిపోయారు. ఆ కథ చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అది అభినందన కాదు, పొగడ్త అవుతుంది.

1974లో వారు ఆత్మకూరుకు బదిలీ అయ్యేసరికి అక్కడి క్రీడా సంఘం కబడ్డీ జట్టు ఓటములతో సతమతమగుచుండెను. సంఘ కార్యదర్శి శ్రీ రాజమోహన్ గారు పెద్ద రైతు కుటుంబీకులు, పెద్ద గొంతు గలవారు, ఆటగాణ్ణి తొడ బలం చూసి ఎంపిక చేసేవారు. ఒకనాటి సాయంత్రం ఆట చూడబోయిన ఖలీలుల్లా గారు పక్కనే నిలబడి, "బాగా ఆడినాడు అంటారే, ఎంత బాగా?" అని అడిగారు. రాజమోహన్ గారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నువ్వే చెప్పవయ్యా, జొన్నలు తూచేవాడివి గదా!" అన్నారు. మరునాడే వీరు గళ్ళ కాగితంతో సున్నపు గీత పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

ఈ విద్య చెప్పే గురువు గానీ పుస్తకం గానీ ఆ చుట్టుపక్కల లేవు. తొలి నాళ్ళలో ఎవరు ఎన్నిసార్లు తుమ్మారో కూడా రాసేవారట. క్రమంగా అనవసరమైనవి వదిలి, ఎవరు ఎన్ని కూతలకు వెళ్ళారు, ఎన్ని పాయింట్లు తెచ్చారు, ఎవరెన్ని పట్లు పట్టారు అనేవే ఉంచారు. వరుసగా నాలుగు కూతలు దాటితే ఎంతటివాడైనా దొరికిపోతున్నాడని ఆ కాగితమే తేల్చింది. మనుషులను మార్చి మార్చి పంపగా జట్టు గెలవసాగింది. వీరి సతీమణి శ్రీమతి చాంద్బీ గారు మాత్రం "ఇంట్లో ఉప్పు నిండుకుంటే తెలవదు గానీ ఊళ్ళో వాళ్ళ కాళ్ళన్నీ లెక్కబెడతాడు" అని ఎత్తిపొడిచేవారు. ఏది ఏమైనా, రెండేళ్ళు తిరిగేసరికి ఖలీలుల్లా గారి కాగితం చెప్పిందే వేదమైంది.

1977లో నెల్లూరు జిల్లా పోటీలకు ఒక కార్ఖానా వారు వచ్చి నలుగురు ఆటగాళ్ళను ఉద్యోగాల్లోకి తీసుకుంటారని తెలిసింది. మర్రిపాడు నుంచి వచ్చి కుడి మూల నిలిచే పెంచలయ్య ఆ కబురు విన్నప్పటి నుంచి నేల మీద నిలవలేదు. గొర్రెలు కాచి పెంచిన తల్లికి ఇక ఎండలో తిరిగే పని లేదని మాట కూడా ఇచ్చేశాడు. తీరా చూస్తే కాగితంలో అతని పేరుకెదురుగా ఆరు ఆటల్లో కలిపి పట్టిన పట్లు రెండే. మిగతా గడులన్నీ ఖాళీ. ఖలీలుల్లా గారు బాధపడుతూనే అతణ్ణి పక్కన కూర్చోబెట్టమని రాసిచ్చారు. మరునాడు పెంచలయ్య జట్టును వదిలి, బద్వేలు దారిలో తిరిగే లారీకి క్లీనరుగా వెళ్ళిపోయాడు.

పోటీలు పది రోజులున్నాయనగా దుత్తలూరు జట్టుతో ఆట పెట్టుకున్నారు. పెంచలయ్యకు బదులు కుడి మూలలో మునెయ్య నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాడూ ఆ మూలకే వచ్చి, గంపగుత్తగా పాయింట్లు పట్టుకుపోయాడు. మనవాళ్ళు చిత్తుగా ఓడిపోయారు. ఖలీలుల్లా గారు దుత్తలూరు ఆటగాడు కామయ్యను ఆపి అడిగారు.

"పోయినసారి ఒక్కరూ ఈ మూలకు రాలేదు. ఇప్పుడేందిరా, అందరూ ఇటే?"

"పోయినసారి పెంచలయ్య ఉన్నాడు గదా సార్! వాడి పక్కకు పోతే కాలు వాడిది, మిగిలిన ఒళ్ళే మనది. ఎవురు పోతారు?"

అయ్యో! భయపడి ఎవరూ రాకపోవడం వల్ల ఖాళీగా ఉన్న గడిని చేతకానితనమని చదువుకున్నారు. చెంచురామయ్య గారు పదిహేనేళ్ళ కిందట చెప్పిన మాట ఆ క్షణాన చెంప మీద కొట్టినట్టయింది. ఆ పాపం తన కాగితానిది కాదు, తనదేనని రాజమోహన్ గారి ఎదుట ఒప్పుకుని, సెలవు చీటీ రాసి, బస్సెక్కి లారీల వెంట తిరిగారు. మూడవ రోజున మర్రిపాడు దాటాక టైరు మారుస్తున్న పెంచలయ్య దొరికాడు.

"మీ కాయితంలో నేను లేను గదా సార్. ఇంక ఎందుకు వచ్చినారు?"

"కాయితంలో ఉండావు నాయనా. చదవడం చేతగాక నేనే పారేసుకున్నాను. తప్పు చేసినాను, రా."

నలభై ఆరేళ్ళ పెద్దమనిషి రోడ్డు మీద నిలబడి అంత మాట అనేసరికి పెంచలయ్య చేతిలోని పానా కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

నెల్లూరులో మనవాళ్ళు గెలిచారు. కానీ కార్ఖానా వారు రాసుకున్న నాలుగు పేర్లలో పెంచలయ్య పేరు లేదు. ఆట మొత్తంలో అతను పట్టింది ఒక్కణ్ణే మరి! సభల్లో మాట్లాడమంటే చెమటలు పట్టే ఖలీలుల్లా గారు ఆనాడు కాగితం పట్టుకుని వారి బల్ల ముందు నిలిచారు. "అయ్యా, అవతలి వాళ్ళు నలభై ఒక్క కూతలకు వచ్చినారు. కుడి మూలకు వచ్చినవి మూడు. మైదానంలో సగం ఈ ఒక్కడే కాపలా కాసినాడు. ఇట్లాంటోడికి కాక ఇంకెవరికి ఇస్తారు ఉద్యోగం?" వారిలో ఒకప్పుడు కూతకు వెళ్ళిన పెద్దాయన కాగితాన్ని పైకీ కిందకీ చూసి, తొడ తడుముకుని, "నిజమే, నాకూ ఒకడుండేవాడు, వాడి వైపు నేనూ పోలేదు" అని నవ్వుతూ అయిదో పేరు రాశారు. ఖలీలుల్లా గారు అక్కడే నేల మీద కూలబడి రెండు గోలీ సోడాలు గటగటా తాగి, "హమ్మయ్య, బతికినాను" అన్నారట. పది రోజుల తరువాత కంటి నిండా నిద్ర పట్టింది ఆ రాత్రేనని చాంద్బీ గారు నేటికీ చెబుతారు.

నాటి నుండి వారి కాగితంలో ఒక గడి పెరిగింది, 'ఎటు పోలేదు' అని. 1981లో ఉదయగిరికి తిరిగి వచ్చాక వాలీబాల్ ఆటగాళ్ళకూ, బాల్ బ్యాడ్మింటన్ ఆడే ఆడపిల్లలకూ ఆ విద్యను ఓపికగా నేర్పారు. మూడేళ్ళ కిందట ఒక అధికారి, ఇవన్నీ ఇక కంప్యూటరు చూసుకుంటుందని సెలవిచ్చినప్పుడు వారు వినయంగా, "మంచిదే సార్, గడులు నింపుతాది. ఖాళీ గడి దగ్గరికి మాత్రం మనమే నడిచిపోవాల" అన్నారు. కార్యాలయంలోనూ అంతే. వరుసగా రెండు రోజులు ఎవరి హాజరు గడి ఖాళీగా ఉన్నా మూడవ నాడు సంజాయిషీ కాగితానికి బదులు ఖలీలుల్లా గారే ఆ ఇంటి గడప ముందు ఉండేవారు. మనతో పనిచేసే లిదియమ్మ గారి జ్వరం అట్లాగే సకాలంలో తెలిసి, ఆమె నేడు మనతో క్షేమంగా ఉన్నారు.

వీడ్కోలు సభకు పెంచలయ్య తన తల్లిని వెంటబెట్టుకుని వస్తున్నట్టు జాబు రాశాడు. ఆమె ఎండలో తిరగక పన్నెండేళ్ళయిందని కూడా రాశాడు.

లెక్కలలో లోకాన్ని, లోకంలో మనిషిని చూసిన శ్రీ ఖలీలుల్లా గారు ధర్మపత్నీ సమేతంగా, పుత్ర పౌత్రాదుల నడుమ నూరేళ్ళు చల్లగా వర్ధిల్లాలి. పెంచలయ్య నిలిచిన మూల వైపు కూతగాళ్ళు రానట్టే వ్యాధి బాధలు వారి గడప వైపు రాకుండా, వారి ఆరోగ్య పట్టికలో ఆ గడి కలకాలం ఖాళీగానే ఉండుగాక! ఎందుకు ఖాళీగా ఉందని ఎవరైనా అడిగితే, చెప్పడానికి మేమందరం ఉన్నాము.