కావేరి వంతు

ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ క్వార్టర్స్. బయట పొగ, లోపల మూసిన కిటికీలు. తల్లి భానుమతి, నాలుగో తరగతి చదివే కూతురు కావేరి.

“నోరు తెరువు తల్లీ. ఒక్క పఫ్.”

“వద్దు.”

“పిల్లికూతలు పక్కింటికి వినిపిస్తున్నాయి, వద్దంటావేంటే?”

“తగ్గిపోతుంది. కళ్లు మూసుకుని పచ్చటి పొలం తలుచుకోమన్నారు.”

“ఎవరు?”

“నాన్న కంపెనీ సర్. పొగంటే భయపడే పిల్లలకి స్కూల్లో క్లాసు పెట్టారుగా.”

“భయానికి పొలం తలుచుకో. ఆయాసానికి ఇది పీల్చు.”

“నహీ అమ్మా. మానేశాను.”

“మానేశావా? పొద్దున నా ఎదురుగానే పీల్చావు.”

“నొక్కలేదు. ఉత్తినే నోట్లో పెట్టుకున్నాను.”

“నిన్న?”

“నిన్న కూడా.”

“ఎందుకే?”

“స్ప్రే డబ్బాల్లో గ్యాస్ భూమిని వేడెక్కిస్తుందట. తలా ఒకటి వదిలేస్తే భయం పోతుందన్నారు. మా క్లాసు ఇషిత వాళ్లక్క చేత సెంటు డబ్బా మానిపించింది. మనింట్లో డబ్బా... ఇదొక్కటే.”

“ఇది సెంటా? మందు. ఇన్‌హేలర్ అని చెప్పి అడిగావా ఆయన్ని?”

“అడిగాను.”

“ఇన్‌హేలర్ అనేనా?”

“స్ప్రే అన్నాను.”

“అదీ సంగతి. తెలిస్తే ఆయనే పీల్చమనేవాడు. రా, ఇలా రా.”

“వద్దమ్మా.”

“అచ్ఛా, నీ బదులు నేను వదిలేస్తా. ఈ చలికాలమంతా హీటర్ వెయ్యను. సరేనా?”

“ఎవరి వంతు వాళ్లదే. నాది నువ్వు తీసుకోకూడదు.”

“పెదాలు నీలంగా అవుతున్నాయే. నాన్న ఆటో కోసం వెళ్లారు, ఇంకా రాలేదు. నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్కసారి...”

“నాన్నకి చెప్పకు.”

“దేని గురించి?”

“మానేశానని. చెప్పకు.”

“చెప్పను. ఒట్టు. నోరు తెరువు.”

“నేను సర్‌ని ఇంకోటి కూడా అడిగాను.”

“మాట్లాడకు, ఆయాసం ఎక్కువవుతుంది.”

“మన ఫ్యాక్టరీ పొగగొట్టం మూసేయొచ్చు కదా అని. అందరూ నవ్వారు. సర్ నవ్వలేదు.”

“ఏమన్నాడు?”

“మూసేస్తే మీ నాన్నలు ఎక్కడికి పోతారన్నారు. చిన్నచిన్నవి మనం వదిలేసుకుంటే... పెద్దది మూయక్కర్లేదట.”

“కావేరీ, నా బంగారు తల్లివి కదూ. పీల్చమ్మా.”

“నేను పీలిస్తే నాన్న పని పోతుందమ్మా.”