షెడ్డు లైనుకి గంట

అరకులోని కాఫీ కంపెనీ ఆఫీసులో కొత్త టెలిఫోను ఎక్స్ఛేంజి పెడుతున్నారు. ఏ లైను చెడిపోతే గంట మోగాలో, దేనికి దీపం వెలిగితే చాలో విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు ఆపరేటరు ఫ్లోరెన్సును అడుగుతున్నాడు.

“మేనేజరుగారి లైనుకి గంట పెట్టాను. డుంబ్రిగుడ షెడ్డుకి దీపం చాలు కదమ్మా?”

“షెడ్డుకే గంటెట్టండి, సార్.”

“అక్కడేముంది?”

“కాఫీ పళ్ల తొక్క తీసే మిషనుంది. నిరుడు ఓ పొద్దున అందులో పన్జేసే ఓ గుంట చెయ్యి నలిగిపోనాది. జీపు కోసం ఫోను సేత్తే లైను లేదు. చెడిపోయిందని ఇక్కడ నాకూ తెలీలేదు.”

“తర్వాత?”

“ఆస్పత్రికి మోసుకొచ్చీసరికి సాయంత్రమైపోనాది. పేణం దక్కింది గానీ చెయ్యి దక్కలేదు.”

“మీకు తెలిసిన అమ్మాయా?”

“మా చెల్లి సుజానా.”

ఇంజనీరు షెడ్డు లైను తీగ చేతిలోకి తీసుకున్నాడు.

“రెండు లైన్లకీ గంటుంటే ఏది చెడిందో మీకే తెలీదమ్మా.”

“మేనేజరుగారిది తీసీండి. ఆయన ఫోను చెడితే ఆయనే వచ్చి అరుస్తారు.”

అతను తీగలు మార్చి, పరీక్ష కోసం షెడ్డు లైను ఊడదీశాడు. గది అదిరేలా గంట మోగింది. ఫ్లోరెన్సు అది ఆగేదాకా కదలకుండా వింది.

“ఇంకోపాలి మోగించండి, సార్.”